మాట తప్పితే మిన్స్క్ మనతో ఉండేవాడు కాదు

పోయిన సంక్రాంతికి మా అక్క వాళ్లింట్లో ఉన్నాను. కనుమ నాడు మధ్యాహ్నం, గారెలూ కోడికూరా తిన్న భుక్తాయాసంతో పెద్దవాళ్లంతా నడుం వాల్చారు. ముందుగదిలో మా మేనల్లుడూ, వాడి స్నేహితులిద్దరూ ఒక ఆట గురించి వాదించుకుంటున్నారు. ఆట పేరు బాల్డర్స్ గేట్ 3. ఆ పేరు చెవిన పడగానే నా నిద్ర ఎగిరిపోయింది. ఆ పేరుతో వచ్చిన మొదటి ఆటలోనే నా ఇరవయ్యో ఏడు మొత్తం గడిచింది మరి.

"గ్రోవ్ వైపు ఉంటేనే మేలురా. గాబ్లిన్ల వైపు వెళ్తే కార్లాక్ పోతుంది, విల్ పోతాడు. మింతారా ఒక్కతే వస్తుంది. లెక్కేస్తే నష్టం."

"నష్టమేం లేదు, మింతారాని వేరే దారిలో కూడా తెచ్చుకోవచ్చు. గైడ్‌లో రాశాడు చూడు."

"అదంతా తర్వాత. ముందు ఆ బాస్‌ని ఒక్క టర్న్‌లో లేపేసే బిల్డ్ ఏదో చెప్పు."

అరగంట విన్నాను. ఆ గ్రోవ్‌లో తలదాచుకున్నవాళ్లు ఇళ్లు పోగొట్టుకుని వచ్చిన కాందిశీకులు. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. గాబ్లిన్ల వైపు వెళ్లడమంటే ఆ పిల్లలున్న చోటి తలుపులు శత్రువుకి తెరవడం. ఆ సంగతి ముగ్గురిలో ఒక్కడి నోటా రాలేదు. వాళ్ల మాటలు సంతలో ఎద్దుల బేరంలా సాగాయి: ఏది ఇస్తే ఏది వస్తుంది, ఎంత మిగులుతుంది.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఆ మాట అనగానే పిల్లలు మొహాలు చూసుకుంటారని నాకు తెలుసు. అయినా చెప్పాలి.

ఈ ఆటలు తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటని బయటికి తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడిపిస్తుంటే మిగిలినవాళ్లు తలొక పాత్రా పట్టుకుని పాచికలేసి ఆడతారు. మన వైకుంఠపాళిలో గవ్వలు ఎలా పడితే అలా కదలడమే. నిచ్చెన ఎక్కినా పాము మింగినా మన ప్రమేయం లేదు. ఇక్కడ అలా కాదు. తలుపు పగలగొడతావా, కాపలావాణ్ణి బతిమాలతావా, వెనుదిరుగుతావా? ముందు నువ్వు నోరు తెరిచి చెప్పాలి. ఆ తర్వాతే పాచిక. ఒకసారి చెప్పాక అందరూ విన్నారు కాబట్టి ఆ మాట నీదే. వెనక్కి తీసుకోవడమన్నది లేదు.

ఆ బల్ల దగ్గరి నియమాలనే ఆధారం చేసుకుని, కెనడాలోని ఎడ్మంటన్‌లో వైద్యం చదివిన మిత్రులు పెట్టిన బయోవేర్ సంస్థ బాల్డర్స్ గేట్ తయారుచేసింది. 1998 డిసెంబరులో విడుదలైంది. మా చేతికి వచ్చేసరికి 1999 వేసవి. విద్యానగర్‌లో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం: నేను, గుంటూరు వాడొకడు, వరంగల్ వాడొకడు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఒక్కో భాగం విడివిడిగా కొని బిగించుకున్న కంప్యూటర్ ఒకటి మా ముగ్గురి ఉమ్మడి ఆస్తి. 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98. ఆట 5 సీడీల మీద వచ్చింది. ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వెళ్లినప్పుడల్లా ఏ సీడీ పెట్టాలో తెర మీద అడిగేది. ఆ సీడీ తీసి ఈ సీడీ పెట్టేలోపు, అసలు అక్కడికి వెళ్లడం మంచిదేనా అని ముగ్గురం ఇంకోసారి మాట్లాడుకునేవాళ్లం.

కథలో మనం అనాథలం. క్యాండిల్‌కీప్ అనే గ్రంథాలయపు కోటలో గోరియన్ అనే పెంపుడు తండ్రి దగ్గర పెరుగుతాం. మొదటి రాత్రే ఆయన మన కళ్లముందు చనిపోతాడు. అక్కడినుంచి దారి వెతుక్కుంటూ, దారిలో తోడు దొరికినవాళ్లని కలుపుకుంటూ పోవాలి. అలా చేరగలిగినవాళ్లు మొత్తం 25 మంది. పార్టీలో చోటు మనతో కలిపి ఆరుగురికే. కాబట్టి ఎవరితో కలిసి నడుస్తావన్నదే మొదటి నిర్ణయం.

నాష్కెల్ అనే ఊళ్లో మిన్స్క్ కనిపిస్తాడు. బోడిగుండు, కొండంత మనిషి, పసిపిల్లవాడి మనసు. బూ అనే చిట్టెలుకని వెంట తిప్పుకుంటూ దాని సలహా లేనిదే అడుగు వెయ్యడు. డైనహైర్ అనే మంత్రగత్తెకి తాను రక్షకుడు. ఆమెని దుమ్ములగొండి తలలున్న నోల్ మూకలు పడమటి కోటలో గోతిలో పడేశాయి. విడిపించడానికి సాయం రమ్మని అడుగుతాడు. అదే ఊళ్లో, వంతెన దగ్గర, ఎడ్విన్ అనే ఎర్ర అంగీ మాంత్రికుడు కాచుకుని ఉంటాడు. వాడడిగేదీ ఆ డైనహైర్ గురించే. ఆమెని చంపడానికి సాయం రమ్మంటాడు. ఇద్దరికీ మాట ఇవ్వడం కుదరదు. వీళ్లలో ఎవరు గట్టివాడో, ఎవరిని తీసుకుంటే ముందు ముందు లాభమో చెప్పే కాగితం ముక్క మా దగ్గర లేదు.

రెండు రాత్రులు కొట్టుకున్నాం. గుంటూరు వాడికి ఎడ్విన్ మంత్రాల మీద మోజు. వరంగల్ వాడు మాత్రం, "పిల్లలాంటి మనిషి ఏడుస్తూ అడుగుతుంటే ఎట్ల కాదంటవ్ రా" అన్నాడు. విద్యానగర్ చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్ తాగుతూ చివరికి మిన్స్క్‌కే మాట ఇద్దామని తేల్చాం. ఇచ్చాం.

తర్వాత ఆ మాట మరిచాం. ఊరి పక్కన ఇనుప గనిలో ఏదో జరుగుతోందని అటు వెళ్లాం. అక్కణ్ణుంచి అడవుల్లో పడ్డాం. నిధులు దొరుకుతున్నాయి, లెవెళ్లు పెరుగుతున్నాయి. మిన్స్క్ మధ్యమధ్యలో గుర్తు చేస్తూనే ఉన్నాడు. ఇదుగో వెళ్దాం, అదుగో వెళ్దాం అనుకుంటూ రోజులు గడిపేశాం. ఒక రాత్రి నిద్ర లేచేసరికి మిన్స్క్ ఓపిక తెగింది. మాట తప్పినవాళ్లని మా మొహాన్నే అనేసి మాతో తెగతెంపులు చేసుకున్నాడు. అప్పటికే పాత సేవ్ మీద కొత్త సేవ్ పడిపోయింది. వెనక్కి వెళ్దామన్నా దారి లేదు.

ఆ రాత్రి ముగ్గురం చాలాసేపు మాట్లాడుకోలేదు. నిజం మనిషి కాదు, తెర మీద నాలుగు వేళ్ల ఎత్తు బొమ్మ. అయినా మేము మాట తప్పామన్నది నిజమే. మిన్స్క్ లేకుండానే ఆట చివరిదాకా ఆడాం. 2000లో రెండో భాగం వచ్చినప్పుడు, మొదట్లోనే ఒక చెరసాలలో, ఇనుప బోనులో మిన్స్క్ కనిపించాడు. డైనహైర్‌ని చంపేశారని చెప్పాడు. కథ ప్రకారం మొదటి ఆటలో ఎవరేం చేసినా రెండో ఆట అలాగే మొదలవుతుందని తర్వాత తెలిసింది. మాకు మాత్రం ఆ చావులో మా చెయ్యి కూడా ఉన్నట్టే అనిపించింది. ఈసారి వరంగల్ వాడు అన్నాడు, "ఇక ఇతన్ని విడిచేది లేదు." విడవలేదు.

ఇరవయ్యారేళ్లయింది. ఆ ఆటలో నేను గెలిచిన యుద్ధాల్లో సగం మరిచిపోయాను. తప్పిన ఆ మాట మాత్రం మరవలేదు.

యుద్ధం సంగతి కూడా చెప్తాను, పిల్లలు దాన్ని కథ నుంచి విడదీసి మాట్లాడుతున్నారు కాబట్టి. "కథ బాగుంది, ఫైట్లు బోరు" అంటాడొకడు. "కథ స్కిప్ చేశా, ఫైట్లు అదిరాయి" అంటాడింకొకడు. మా ఆటలో రెండూ ఒకే తాడుకి రెండు పేటలు. ఆ దేశంలో గనిలోంచి వచ్చే ఇనుముని ఎవరో పాడుచేస్తున్నారు. అదే కథలోని చిక్కుముడి. దాని ఫలితం మాటల్లో విని ఊరుకునేది కాదు. తోడేలు మీదికి దూకుతున్నప్పుడు మన చేతిలో కత్తి పుటుక్కున విరిగేది. ఎందుకు విరిగిందో తెలుసుకోవడానికే గనిలోకి దిగేవాళ్లం. మారు కత్తి మోసుకు తిరగాలి, మూట బరువు చూసుకోవాలి. కథ చేతికి తగలడమంటే అది.

ప్రాణం విలువ కూడా తెలిసేది. మొదటి లెవెల్ మాంత్రికుడికి నాలుగో ఆరో ప్రాణాలు. రోజుకి ఒకే ఒక్క మంత్రం, అదీ రాత్రి పడుకునే ముందే ఏది కావాలో ఎంచుకోవాలి. ఫ్రెండ్లీ ఆర్మ్ అనే సత్రానికి చేరితే ప్రాణాలు దక్కినట్టే అనుకుని వెళ్తాం. ఆ సత్రం మెట్ల మీదే టార్నెష్ అనే హంతకుడు కాచుకుని ఉంటాడు. మొదటిసారి ఆడిన ఎవరినడిగినా ఆ మెట్ల మీద చచ్చామనే చెబుతారు. స్పేస్ బార్ నొక్కితే ఆట ఆగేది. ఆగిన ఆ క్షణంలో ముగ్గురం తెర మీదికి వంగి ఎవరు ముందుకెళ్లాలి, ఎవరు వెనక్కి జరగాలి అని పోట్లాడుకునేవాళ్లం. తోటివాడు చస్తే అతని సామాను నేలమీద పడేది. అది మోసుకుని గుడిదాకా నడిచి డబ్బు కడితే బతికించేవారు. దెబ్బ మరీ బలంగా తగిలి ఒళ్లు ఛిద్రమైతే ఏ గుడీ బతికించలేదు. పార్టీలో అతని బొమ్మ ఉన్న చోటు ఖాళీ అయ్యేది. అందుకే పారిపోవడం కూడా ఒక విద్య అని నేర్చుకున్నాం. బలం చాలని చోట తలొంచి వెనక్కి రావడం సిగ్గుచేటు కాదని నాకు తెలిపింది ఆ ఆటే.

ఆ తరంలో మంచి ఆటలన్నీ ఏదో ఒక రకంగా ఈ బరువు మోసినవే. 1999 చివర్లో వచ్చిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌లో నాయకుడికి చావు లేదు. ఎన్నో జన్మల్లో తాను చేసిన పాపాలకి ఇతరులు బలైపోయారని ఒక్కొక్కటే తెలుసుకుంటాడు. చివరి పోరులో కత్తి దూయకుండా మాటలతోనే గెలవొచ్చు, కానీ ఆ మాటలు అంతవరకూ మనం పోగుచేసుకున్న తెలివీ వివేకమూ ఉంటేనే నోటికొస్తాయి. 2002లో మారోవిండ్ వచ్చింది. ఎక్కడికి వెళ్లాలో బాణం గుర్తు చూపించేది కాదు. రోడ్డు చీలిన చోట ఎటు తిరగాలో, ఏ వాగు దాటాలో ఊరివాళ్లు చెప్పింది చదువుకుని వెతుక్కోవాలి. కథకి కీలకమైన మనిషిని మన చేత్తో చంపేస్తే, ఇక ఈ లోకం గతి ఇంతేనని ఒక్క మాట చెప్పి, ఆ చెడిన లోకంలోనే మనల్ని తిరగనిచ్చేది. 2006లో అదే వరుసలో వచ్చిన ఆబ్లివియన్‌లో దిక్సూచి మీద గుర్తు పెట్టారు. అప్పటినుంచి ఊరివాళ్లు చెప్పే దారి వినాల్సిన అవసరం పోయింది. కళ్లు ఆ గుర్తు మీదే.

2007లో పోలండ్ వాళ్లు తీసిన ది విచర్ ఒక గొప్ప పని చేసింది. మనం ఒకచోట కొన్ని పెట్టెలు ఎవరికి వదిలామన్నది చాలా గంటల ఆట తర్వాత, వేరే ఊళ్లో, ఒక మనిషి చావుగా తిరిగొస్తుంది. అప్పటికి పాత సేవ్ ఎక్కడో వెనకపడిపోయి ఉంటుంది. లోడ్ చేసి సరిదిద్దుకోవడానికి వీలుండదు. నిర్ణయానికీ ఫలితానికీ మధ్య దూరం పెడితే ఆటగాడు చేసినదానికి కట్టుబడక తప్పదని వాళ్లు గుర్తించారు.

తిరుగుదారి ఎక్కడ మొదలైందంటే నేను చెప్పేది 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్. నాకు ఎంతో ఇష్టమైన ఆట. అందులో రెడ్‌క్లిఫ్ కోటలో ఒక పసివాడికి దెయ్యం పడుతుంది. వాణ్ణి చంపాలా, లేక వాడి తల్లి ప్రాణం బలిగా తీసుకుని దెయ్యాన్ని వదిలించాలా? అక్కడిదాకా గుండె పిండేసే ఘట్టం. కానీ మూడో దారి కూడా పెట్టారు. మాంత్రికుల మఠానికి వెళ్లి సాయం తెస్తే ఎవరూ చావరు. మనం వెళ్లొచ్చేలోపు ఊళ్లో ఏ ఉపద్రవమూ జరగదు. ఆ సంగతి నలుగురికీ తెలిశాక ఇంకెవరు మొదటి రెండు దారుల గురించి తల బద్దలు కొట్టుకుంటారు? ఎవరికీ నష్టం లేని దారి ఎక్కడో దాగి ఉంటుందన్న నమ్మకం ఆటగాళ్లలో పాతుకుపోయింది. ఆ తర్వాత ప్రతి ఆటలోనూ దాన్నే వెతకడం మొదలుపెట్టారు. అదే వరుసలో 2024లో వచ్చిన ది వెయిల్‌గార్డ్ అంతకుముందు ఆటల్లో మనం చేసిన పనుల్లో మూడింటిని మాత్రమే అడిగి తెలుసుకుంటుంది. మిగతా నిర్ణయాలన్నీ నీటి మీద రాతలే.

ఇక పిల్లలాడే బాల్డర్స్ గేట్ 3. నేనూ 2023 ఆగస్టులో అది వచ్చిన వారంలోనే కొన్నాను. రెండుసార్లు పూర్తి చేశాను. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ ఎంత శ్రద్ధతో చేసిందో నాకు తెలుసు. మా ఆటలో మనుషులు అక్షరాల్లో మాట్లాడేవారు. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు ఒళ్లో పెట్టుకుని చదివేవాళ్లం. ఇందులో ప్రతివాడికీ ముఖం ఉంది, గొంతు ఉంది, కంట్లో తడి ఉంది. యుద్ధం వంతులవారీగా నడుస్తుంది. కొండ పైనుంచి తోసెయ్యొచ్చు, నూనె ఒలకబోసి నిప్పంటించొచ్చు, నీళ్లలో మెరుపు పారించొచ్చు. ఏడాది ఉత్తమ గేమ్‌గా బహుమతులన్నీ పట్టుకెళ్లింది. ఆ గౌరవానికి అది తగినదే.

అయినా నా ఫిర్యాదు నాకుంది. కత్తి ఎత్తకముందే దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో తెర మీద కనిపిస్తుంది. మనం నోరు తెరిచి ఏదన్నా అనగానే, ఆ మాట ఏ తోటివాడికి నచ్చింది, ఎవడికి నచ్చలేదు అని మూల అక్షరాలు పడతాయి. మనిషి ముఖం చూసి మనసు తెలుసుకునే పని ఆటగాడి నుంచి తీసేశారు. తోటివాడు చస్తే శిబిరంలో విథర్స్ అనే అస్థిపంజరం 200 బంగారు నాణేలకి బతికిస్తాడు. యోధుడిగా పెరిగినవాణ్ణి 100 నాణేలకి మాంత్రికుడిగా మార్చేస్తాడు. ఎలా పెరిగామన్నదాన్ని కూడా చిల్లర ఇచ్చి మార్చుకోవచ్చన్నమాట. మాటల్లో పాచిక తప్పుగా పడితే ఇంకోసారి వేసుకునే వీలుంది. అదీ తప్పితే లోడ్ బటన్ ఉండనే ఉంది.

ఆటలో ఉన్న వీలు కన్నా ఆటగాళ్లకి పట్టిన అలవాటే నన్ను ఎక్కువ బాధిస్తోంది. ఆ సంస్థే 2023 చివర్లో ఆనర్ మోడ్ పెట్టింది. సేవ్ ఒక్కటే, పార్టీ మొత్తం చస్తే అంతే. నేను సంతోషించాను. తీరా చూస్తే మా మేనల్లుడి స్నేహితుడు ప్రతి పోరునీ ముందే వీడియోలో చూసి, ఏ గదిలో ఎవరు దాక్కున్నారో రాసుకుని, ఎక్కడెక్కడ మందుగుండు పీపాలు పేర్చాలో గుర్తుపెట్టుకుని మరీ ఆనర్ మోడ్ ఆడాడట. ప్రశ్నపత్రం ముందురోజే చేతికొచ్చిన పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నా ఏం నేర్చుకున్నట్టు?

ఆ రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టి భేతాళ కథల గురించి చెప్పాను. చందమామలో నెలనెలా చదివేవాళ్లం. శవాన్ని భుజాన వేసుకుని విక్రమార్కుడు నడుస్తుంటాడు. భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుంది. చెబితే మౌనభంగం అవుతుంది, శవం మళ్లీ చెట్టెక్కుతుంది, రాజు మళ్లీ వెనక్కి నడవాలి. సరైన జవాబు చెప్పినవాడికి కూడా ఆ రాత్రి నడక తప్పలేదు. అందుకే ఆ రాజు మనకి గుర్తున్నాడు. అప్పనంగా దొరికిన ధర్మం ఎవరికీ గుర్తుండదు.

పిల్లలు విన్నారు. ఒప్పుకున్నట్టు కనిపించలేదు. మేనల్లుడు ల్యాప్‌టాప్ తెరిచి తన ఆట చూపించాడు. ఆట మూడో అంకంలో ఉంది. స్టోన్ లార్డ్ అనే దొంగల నాయకుణ్ణి వెతుక్కుంటూ నగరం అడుగున మురుగు సొరంగాల్లోకి దిగుతున్నాడు. ఆ నాయకుడెవరో నాకు తెలుసు. నూరేళ్లకి పైగా శిలై నిలబడిపోయి మళ్లీ ప్రాణం పోసుకుని, శత్రువు మాయలో చిక్కుకున్న మా మిన్స్క్. అతన్ని కాపాడాలంటే పాత స్నేహితురాలు జహీరా పక్కన ఉండాలి. మేనల్లుడు ఆమెని శిబిరంలోనే వదిలేసి వచ్చాడు. నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఊరుకున్నాను.

పోరు మొదలైంది. వాడు బాగానే ఆడాడు. మిన్స్క్ నేలకొరిగాడు. అప్పుడు తెలిసింది వాడికి, చంపింది ఎవర్నో. "అయ్యో, ఇతన్ని పార్టీలోకి తీసుకోవచ్చు కదా!" అంటూ చెయ్యి లోడ్ వైపు వెళ్లింది. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను.

"ఈ ఒక్కసారికి ఇలాగే ఉండనివ్వరా."

"ఎందుకు మావయ్యా? రెండు నిమిషాల పని."

"నా కోసం."

వాడు నా ముఖంలోకి చూశాడు. ఏం కనిపించిందో, ల్యాప్‌టాప్ మూసేశాడు.

నెల రోజుల తర్వాత ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ఆట ముగించాడట. పలకరింపులేమీ లేవు. "మావయ్యా, ఆ తర్వాత శిబిరానికి వెళ్లినప్పుడల్లా జహీరాతో మాట్లాడాలంటే అదోలా ఉండేది. ఆమెని ఆ రోజు తీసుకెళ్లుండాల్సింది. నాకు తెలియకపోవడం కాదు, ముందురోజు ఆమె వస్తానంటే నేనే పట్టించుకోలేదు" అన్నాడు. ఆ తప్పు గురించి, అది చేసినప్పుడు తానేం ఆలోచించాడన్నదాని గురించి గంటసేపు మాట్లాడాడు. గైడ్ మాట ఒక్కసారీ రాలేదు. ఏ బిల్డ్ ఎంత దెబ్బ కొడుతుందన్న లెక్కా రాలేదు. వింటుంటే విద్యానగర్ చౌరస్తాలో చాయ్ గ్లాసు చేతిలో ఉన్నట్టే ఉంది నాకు.

చివర్లో అడిగాడు, "అవునూ, మీ మిన్స్క్ ఎందుకు వెళ్లిపోయాడు?"

మంచం మీద లేచి కూర్చుని, నాష్కెల్ ఊరి నుంచి మొదలుపెట్టాను.